ప్రాణరక్షణ శిక్షణ చరిత్ర: వైద్యుని చేతి నుంచి పౌరుని చేతికి

వ్యాససంగ్రహం

ఉన్నట్టుండి గుండె ఆగిన మనిషికి ఛాతీని నొక్కుతూ, నోటితో ఊపిరి అందించే ప్రక్రియను నేడు సీపీఆర్ అని వ్యవహరిస్తున్నాం. దీని చరిత్రను సాధారణంగా వైద్య ఆవిష్కరణల వరుసగా చెబుతారు. ఈ వ్యాసం దానిని ‘ఈ పని ఎవరు చేయవచ్చు, ఎవరికి నేర్పవచ్చు’ అనే ప్రశ్న ఆధారంగా పరిశీలిస్తుంది. 18వ శతాబ్దం నుంచి నేటి ధ్రువపత్ర తరగతి వరకు జరిగిన పరిణామాన్ని వివరించి, ఈ శిక్షణ తెలుగువారికి చేరడంలో భాష వహించవలసిన పాత్రను చర్చిస్తుంది.

కీలకపదాలు: సీపీఆర్, కృత్రిమ శ్వాస, ఛాతీ ఒత్తిడి, శిక్షణ, ఎగశ్వాస, వైద్య పరిభాష.

1. ప్రస్తావన

ఈ వ్యాసానికి ప్రేరణ ఒక తరగతి. జాతీయ సేవా పథకం విద్యార్థులతో కలిసి ఈ వ్యాసకర్త ఒకరోజు ప్రాథమిక ప్రాణరక్షణ శిక్షణ పొందడం జరిగింది. నేల మీద వరుసగా నడుము వరకే ఉన్న బొమ్మలు. వాటి పక్కన మోకాళ్లపై కూర్చొని, మణికట్టు దగ్గరి అరచేతి భాగాన్ని రొమ్ము ఎముక దిగువ సగంపై ఆనించి, రెండవ చేతిని దానిపై ఉంచి, మోచేతులు వంచకుండా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 6 మించకూడదు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. 30 సార్లు నొక్కాక రెండుసార్లు ఊపిరి ఊదాలి. రెండు నిమిషాలకే భుజాలు లాగేశాయి. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలన్న నియమం ఎందుకుందో అప్పుడు అర్థమైంది.

చివర ఒక విద్యార్థిని లేచి, “సార్, మా తాతయ్య పొలం నుంచి వచ్చి అరుగు మీద కూలిపోయాడు. ఎగశ్వాస వస్తుంటే ఊపిరి ఉంది కదా అనుకున్నాం. నోట్లో తులసి తీర్థం పోశాం. అప్పుడు ఇలా నొక్కాల్సిందా?” అని అడిగింది. శిక్షకుడు కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత, “అది మామూలు ఊపిరి కాదమ్మా. కానీ మీకెవరూ చెప్పలేదు కదా” అన్నాడు. ‘ఎవరూ చెప్పలేదు’ అన్న మాట వెనుక ఉన్న చరిత్రే ఈ వ్యాసవిషయం.

2. నీటి గట్టున మొదలైన విద్య

1732లో స్కాట్లాండులోని అలోవాలో విలియం టోసాక్ అనే శస్త్రవైద్యుడు, గనిలో పొగకు ఊపిరాడక పడిపోయిన కార్మికునికి నోటితో ఊపిరి ఊది బతికించాడు. 1744లో ఆ వృత్తాంతాన్ని ప్రచురించాడు. ఈలోగా 1740లో పారిస్‌లోని విజ్ఞానశాస్త్ర అకాడమీ నీటమునిగినవారికి నోటి ఊపిరిని సిఫారసు చేసింది. 1767లో ఆమ్‌స్టర్‌డ్యామ్‌లోను, 1774లో విలియం హాస్, థామస్ కోగన్‌ల చొరవతో లండన్‌లోను నీటమునిగినవారిని రక్షించే సంఘాలు ఏర్పడ్డాయి. లండన్ సంఘమే తర్వాత రాయల్ హ్యూమేన్ సొసైటీ అయింది.

ఈ సంఘాల ప్రబోధం వైద్యులకే పరిమితం కాలేదు. మునిగినవారిని మొదట చేరేది పడవవాళ్లు, గట్టున ఉన్నవాళ్లు. వారు చేయవలసిన పనులను సంఘాలు ముద్రించి పంచాయి, ప్రయత్నించినవారికి బహుమతులిచ్చాయి. అయితే నేర్పిన వాటన్నిటిలో సారం లేదు. శరీరాన్ని వెచ్చబరచడం వంటి ఉపయోగకరమైన పనుల పక్కనే, మలద్వారం గుండా పొగాకు పొగను ఎక్కించడం వంటివీ చేరాయి. ఆదిలోనే సామాన్యునికి బాధ్యత దక్కినా, సరైన పద్ధతి ఇంకా రూపొందలేదు.

19వ శతాబ్దంలో నోటి ఊపిరి వెనుకబడింది. ఛాతీనో వీపునో నొక్కుతూ, చేతులను ఎత్తి దించుతూ గాలి ఆడించే పద్ధతులు వచ్చాయి. 1856లో మార్షల్ హాల్, 1858లో సిల్వెస్టర్, 1903లో షేఫర్, 1932లో హోల్గర్ నీల్సన్ ప్రతిపాదించిన పద్ధతులు ఒకదాని తర్వాత ఒకటి ప్రథమచికిత్స పాఠాలలో ప్రవేశించాయి.

3. రెండు చేతులు

1954లో జేమ్స్ ఎలామ్ మనిషి విడిచిన గాలిలోనూ మరొకరిని బతికించగల ఆమ్లజని ఉంటుందని నిరూపించాడు. పీటర్ సఫార్ బాల్టిమోర్‌లో మరో అడుగు వేశాడు. కండరాలను తాత్కాలికంగా స్తంభింపజేసే మందు తీసుకున్న స్వచ్ఛంద అభ్యర్థులకు ఇతరులు నోటితో ఊపిరి అందించారు. వీపును నొక్కే పాత పద్ధతులకంటే ఇదే మేలని, తలను వెనక్కి వంచి గడ్డాన్ని ఎత్తితే శ్వాసమార్గం తెరుచుకుంటుందని ఆ పరిశోధనలతో తేలింది.

గుండె విషయంలో 1891 నాటికే జర్మనీలో ఫ్రీడ్రిష్ మాస్ ఛాతీని వేగంగా నొక్కి రోగులను కోలుకొనేలా చేశాడు. కానీ అది విస్మృతమైంది. గుండె ఆగితే ఛాతీని కోసి, గుండెను చేత్తో పిసకడమే 20వ శతాబ్దం మధ్య వరకు ప్రధాన మార్గం. అది శస్త్రవైద్యునికి తప్ప అన్యులకు సాధ్యం కాదు.

ఈ స్థితిని మార్చినది జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలోని ముగ్గురు. 1958లో గై నికర్‌బాకర్, కుక్కలపై విద్యుదాఘాత ప్రయోగాలు చేస్తుండగా, పరికరపు పలకలను ఛాతీపై గట్టిగా అదిమినప్పుడు రక్తపీడనం పెరగడం గమనించాడు. విలియం కౌవెన్‌హోవెన్, శస్త్రవైద్యుడు జేమ్స్ జూడ్‌లతో కలిసి అతడు 1960 జూలైలో ప్రకటించిన పత్రంలో 20 మంది రోగులలో 14 మంది బతికిన వివరం ఉంది. దీనికి రెండు చేతులు తప్ప మరేమీ అక్కర్లేదని, ఎవరైనా ఎక్కడైనా మొదలుపెట్టవచ్చని వారు స్పష్టం చేశారు. ఆ ముగ్గురిలో ఇద్దరు వైద్యులు కారు, విద్యుత్ ఇంజనీరింగ్ రంగానికి చెందినవారు.

అదే ఏడాది నార్వేలోని స్టావాంగర్‌కు చెందిన బొమ్మల తయారీదారు ఆస్మండ్ లార్డాల్ శిక్షణకోసం ‘రిససీ ఆన్’ అనే బొమ్మను రూపొందించాడు. సేన్ నదిలో మునిగి చనిపోయిందని చెప్పుకొనే ఒక అజ్ఞాత యువతి ముఖాచ్చు దానికి నమూనా. బతికున్న మనిషి ఛాతీపై అభ్యాసం చేయలేం. అందువల్ల ఈ విద్య ప్రజలకు చేరడానికి పరిశోధన పత్రం ఎంత అవసరమో, ఈ బొమ్మా అంతే అవసరమైంది.

4. అనుమతి చరిత్ర

ఎవరైనా చేయవచ్చని 1960లో ప్రకటించినా, 1966లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ నిర్వహించిన సదస్సు వైద్య, అనుబంధ వృత్తులవారికి శిక్షణ ఇవ్వాలన్నదే తప్ప సామాన్య ప్రజలకు నేర్పమనలేదు. శిక్షణ లేని చేయి పక్కటెముకలు విరుస్తుందన్న భయం నిరాధారమైనది కాదు. కానీ గుండె సాధారణంగా ఆగేది ఇంట్లో, వీధిలో. రక్తప్రసరణ నిలిచిన నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. వైద్యుడు వచ్చేలోగా చేయవలసిన పనిని వైద్యునికే పరిమితం చేయడంలోని వైరుధ్యం త్వరలోనే బయటపడింది.

1972లో సియాటెల్‌లో లెనర్డ్ కాబ్ పౌరులకు సామూహిక శిక్షణ మొదలుపెట్టాడు. రెండేళ్లలో లక్షమందికి పైగా నేర్చుకున్నారు. 1974లో వెలువడిన జాతీయ ప్రమాణాలు సామాన్యులకు శిక్షణను ఆమోదించాయి. నేడు రెండేళ్లకొకసారి పునరుద్ధరించుకొనే ధ్రువపత్ర విధానాన్ని ఈ సంఘర్షణ ఫలితంగా చూడవచ్చు. అది సామాన్యునికి అనుమతినిస్తుంది, అదే సమయంలో ఆ అనుమతికి ప్రమాణాన్ని విధిస్తుంది.

ఆ తర్వాతి మార్పులన్నీ సరళత వైపే సాగాయి. 2005లో 30:2 నిష్పత్తి వచ్చింది. 2008లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్, ఎదుట కూలిపోయిన పెద్దవారికి ఛాతీ నొక్కడం ఒక్కటే చేసినా చాలునని చెప్పింది. 2010లో శ్వాసకంటే ముందు ఛాతీ ఒత్తిడితో మొదలుపెట్టే క్రమం వచ్చింది. భారతదేశంలో 2017లో వెలువడిన మార్గదర్శకాలు సామాన్యుల కోసం నోటి ఊపిరి లేని, ఒత్తిడి మాత్రమే ఉన్న పద్ధతిని నిర్దేశించాయి. ఇప్పుడు మిగిలిన అడ్డంకి నైపుణ్యం కాదు, గుర్తింపు. ఎదుటి మనిషి గుండె ఆగిందని ఎలా తెలుస్తుంది?

5. తెలుగు సందర్భం: మాట చేసే మేలు, కీడు

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ ప్రారంభమైంది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 134ఎ సెక్షన్, రోడ్డు ప్రమాద బాధితునికి సదుద్దేశంతో సాయపడినవారికి రక్షణ కల్పించింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం విస్తృత సీపీఆర్ శిక్షణ చేపట్టింది. వ్యవస్థ ఏర్పడుతున్నది కాని పరిభాష దానితో సమానంగా నడవడం లేదు. మూడు ఉదాహరణలు చూడవచ్చు.

మొదటిది గుండెపోటు. పత్రికాభాషలో రక్తనాళం మూసుకుపోవడం, గుండె ఆగిపోవడం రెండూ గుండెపోటే. మొదటి స్థితిలో గుండె కొట్టుకుంటుంది, మనిషి మాట్లాడగలడు. అతనికి కావలసింది ఆసుపత్రి, సీపీఆర్ కాదు. రెండవ స్థితిలో సీపీఆర్ వెంటనే కావాలి. ఒకే మాట రెండింటినీ మోయడం ప్రమాదకరం.

రెండవది మూర్ఛ. గుండె ఆగిన తొలిక్షణాల్లో కొందరి శరీరం కొట్టుకుంటుంది. దానిని మూర్ఛగా భావించి చేతిలో తాళంచెవులు పెట్టే అలవాటు మనకుంది. అప్పుడు పోయేవి విలువైన నిమిషాలు.

మూడవది ఎగశ్వాస. ఆగి ఆగి, ఎగబీల్చినట్టు వచ్చే ఈ శ్వాసను మన భాష మరణానికి ముందరి దశగా ఎప్పుడో గుర్తించి పేరుపెట్టింది. ఆంగ్ల వైద్యగ్రంథాలు ప్రత్యేకంగా బోధించే లక్షణానికి తెలుగులో ఇంటింటా తెలిసిన మాట ఉన్నదన్నమాట. కానీ ఆ మాటతో ముడిపడిన ఆచారం తీర్థం పోయడం. స్పృహలేని మనిషి నోట్లో పోసిన నీరు శ్వాసమార్గంలోకి పోవచ్చు. ఉన్నట్టుండి కూలి, పిలిచినా పలకని మనిషిలో ఎగశ్వాస కనబడితే అది వీడ్కోలు ఘడియ కాదనీ, ఛాతీ నొక్కడం మొదలుపెట్టవలసిన ఘడియ అనీ చెబితే, పాత మాటే కొత్త పని చేస్తుంది. 1981లో అమెరికాలోని కింగ్ కౌంటీలో మొదలైన ఫోను ద్వారా సూచనలిచ్చే పద్ధతికీ ఇదే కీలకం. “ఊపిరి ఆడుతోందా?” అంటే ఎగశ్వాసను చూస్తున్న మనిషి “ఆడుతోంది” అంటాడు. “ఊపిరి మామూలుగా ఆడుతోందా, ఎగబీలుస్తున్నాడా?” అని అడిగితే జవాబు మారుతుంది.

6. ముగింపు

సీపీఆర్ చరిత్రలో పద్ధతి సరళమయ్యేకొద్దీ దానిని చేయగలవారి పరిధి విస్తరించింది. 1960 నాటి ప్రకటనకు, 1974 నాటి ఆమోదానికి మధ్య గడిచిన 14 ఏళ్లు విజ్ఞానం చాలక కాదు, సామాన్యునిపై నమ్మకం చాలక గడిచినవి. మన దగ్గర ఆ దూరం నేడు భాషలో ఉంది. ఆంగ్ల పదాలను లిప్యంతరీకరించడంతోనో, సంస్కృత సమాసాలు కల్పించడంతోనో అది తగ్గదు. ఎగశ్వాస వంటి ఇంటి మాటలను ప్రాంతాలవారీగా సేకరించి, వైద్యులతో కలిసి అర్థనిర్ణయం చేసి, శిక్షణ పాఠాలలో చేర్చడం తెలుగు శాఖలు చేయగల పని. ఆ విద్యార్థిని ప్రశ్నకు ఇప్పుడు మనం చెప్పగల జవాబు “నొక్కాల్సిందే” అన్నది. ఆమె తాతయ్య విషయంలో అది ఆలస్యమైంది. ఆమె ఊళ్లో మరొకరి విషయంలో కాకూడదు.