కంపెనీ సంతకం మీద బతుకు

1946లో పుట్టిన అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీ 1972లో జేఎన్‌టీయూలో భాగమైంది. ఏటా 550 మిల్లీమీటర్ల వానను నమ్ముకుని వేరుశనగ వేసే ఇళ్లకు చదువొక్కటే వానతో పనిలేని దారిగా కనిపించింది. 1990 నాటి అమెరికా చట్టం హెచ్-1బి వీసా తెచ్చాక ఆ దారి సముద్రాలు దాటింది. కానీ తీరింది వాన బెంగ మాత్రమే. ఆ వీసాకు దరఖాస్తు చేసేది కంపెనీ. ఆ దరఖాస్తు ఫారం ఐ-129పై ఉద్యోగి సంతకమైనా ఉండదు. ఇష్టపడే వెళ్లారు, జీతమూ ఎక్కువే, 2000 చట్టం కంపెనీ మారడాన్ని సులువు చేసింది కదా అంటారు. నిజమే. అయితే ఇంకో కంపెనీ పిలిస్తేనే ఆ వెసులుబాటు అక్కరకొస్తుంది; 2008 మాంద్యంలో పిలిచేవాళ్లే కరువయ్యారు. 2017 నుంచి ఉద్యోగం పోతే ఇంకో కంపెనీని వెతుక్కోవడానికో, దేశం విడిచి వెళ్లడానికో గరిష్ఠంగా 60 రోజుల గడువిస్తున్నారు. గ్రీన్‌కార్డుల్లో దేశానికి 7 శాతం పరిమితి వల్ల ఏళ్ల తరబడి వరుసలో ఉన్నవాళ్లకూ, పిల్లలు అక్కడి బడుల్లో చదువుతున్నవాళ్లకూ అదే గడువు.