గుండ్రని అక్షరం - గుత్త వ్యాపారం

అక్షరానికి వర్గస్వభావం వుంటుందా అని ఒక విద్యార్థి మిత్రుడు ఆ మధ్య నన్ను అడిగాడు. వుండదని వెంటనే చెప్పేశాను. తర్వాత ఆలోచిస్తే నా జవాబులో సగమే నిజముందనిపించింది. మిగిలిన సగం చెప్పడానికి ‘కూపర్ బ్లాక్’ అనే ఇంగ్లీషు అచ్చు టైపు చరిత్రను తీసుకుంటాను.

ఈ టైపును పేరు తెలియకుండానే మనలో చాలామంది చూసి వుంటారు. 1966లో బీచ్ బాయ్స్ గానబృందం విడుదల చేసిన ‘పెట్ సౌండ్స్’ రికార్డు అట్ట మీదా, 1995లో మొదలైన ఈజీజెట్ విమానాల మీదా వున్నది ఇదే. బాగా లావుపాటి అక్షరాలు. కోసుగా వుండే మూల ఎక్కడా కనబడదు. గీతల చివరలు మెత్తగా గుండ్రమవుతాయి. అడుగులు కూడా కొంచెం ఉబ్బి వుంటాయి. అక్షరం లోపలి తెలుపు చాలా తక్కువ. అందుచేత పుస్తకం లోపలి పుటల్లో, చిన్న సైజులో, సిరా నిండి మసకబారిపోతుంది. దీని చోటు శీర్షిక, పోస్టరు, దుకాణం బోర్డు. దూరాన్నుంచి మనిషిని పిలవటమే దీని పని.

దీన్ని గీసినవాడు షికాగోలో ప్రకటనలకు అక్షరాలు రాసిన ఆస్వాల్డ్ కూపర్ (1879-1940). 1922లో విడుదల చేసింది ఆ నగరంలోని బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ అనే టైపు ఫౌండ్రీ. పత్రిక తెరవగానే వ్యాసం కంటే ముందు ప్రకటన కంటబడాలని సరుకుల యజమానులు కోరుతున్న కాలమది. పుస్తకాల టైపు చదువరి కోసం తయారైతే, ఇది కొనుగోలుదారు కోసం తయారయింది. యజమాని గొంతు దాచి, పక్కింటి మనిషి గొంతుతో పలకరించింది.

ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటున్నది. 1892లో అమెరికాలోని 23 టైపు ఫౌండ్రీలు కలిసి ‘అమెరికన్ టైప్ ఫౌండర్స్’ అనే బడా సంస్థగా ఏర్పడ్డాయి. దానితో పోటీపడిన బార్న్‌హార్ట్ కంపెనీని 1911లో ఆ సంస్థే కొనేసింది. అయినా పాత పేరుతోనే నడిపించింది. అంటే, ఈ స్నేహపాత్రమైన అక్షరాన్ని అమ్మినప్పుడు ఆ కంపెనీ స్వాతంత్ర్యం బోర్డు మీద మాత్రమే మిగిలివున్నది. మెత్తని ముఖం అక్షరానికే గాక యాజమాన్యానికీ అవసరమైంది.

అంతమాత్రాన అక్షరాన్ని నిందిద్దామా? అది యాంత్రికమైన ఆలోచన అవుతుంది. 1960ల్లో ఫోటో కంపోజింగూ, రుద్ది అంటించే అక్షరాల షీట్లూ వచ్చాక సీసపు అచ్చుల నిర్బంధం పోయింది. 1970ల్లో ఇదే అక్షరం యువజనుల చొక్కాల మీదికి ఎక్కి, వాళ్లు చెప్పదలుచుకున్న మాటలు చెప్పింది. మన తెలుగు అక్షరం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ వంపు మనకు ఏ కంపెనీ నేర్పలేదు. ఓనమాలు దిద్దిన ప్రతి పిల్లవాడి వేళ్లకూ తెలుసు.

కనుక ఆ మిత్రునికి నా సవరించిన జవాబు ఇది: గుండ్రదనం ఎవరి సొత్తూ కాదు, దానితో ఎవరు ఎవరిని ఎందుకు పిలుస్తున్నారో అడగాలి. మన సభల పోస్టర్లు రాసేటప్పుడు, అక్షరం కరుకుగా వుంటేనే భావం తీవ్రంగా వుంటుందన్న భ్రమ వదులుకుందాం. దూరంగా నిలబడ్డవాణ్ణి దగ్గరికి పిలుద్దాం. వచ్చాక బోర్డు వెనక ఎవరున్నారో దాచకుండా చెబుదాం.