ఉప్పు పొట్లం నుంచి చేతిపని దాకా: కమలాదేవి చట్టోపాధ్యాయ

వార్షికోత్సవం వచ్చిందంటే మనం పెద్దల్ని తలుచుకుంటాం. సంఘం పెట్టినవారు, సత్రానికి స్థలం ఇచ్చినవారు, గుడి కట్టించినవారు. ఆ పేర్లలో ఆడవారివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటే మనకే తెలుస్తుంది. అందుకే ఈ సంచికలో, మన కులంలో పుట్టకపోయినా చేతిపనివాళ్ల కోసం బతుకంతా తిరిగిన ఒకావిడ గురించి చెప్పుకుందాం.

కమలాదేవి 1903 ఏప్రిల్ 3న మంగళూరులో పుట్టారు. ఆవిడ చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఆనాటి చట్టం ప్రకారం ఆస్తి వేరేవారికి పోయింది, తల్లి గిరిజాబాయికి దక్కలేదు. కాగితం మీద పేరు లేకపోతే ఆడదాని గతి ఏమిటో ఆవిడ ఇంట్లోనే చూశారు. చిన్న వయసులోనే పెళ్లి, ఆ వెంటనే వైధవ్యం. అయినా చదువు మానలేదు. మద్రాసులో చదువుకుంటూ సరోజినీ నాయుడు తమ్ముడు హరీంద్రనాథ్‌ను పెళ్లాడారు. మన హైదరాబాదులో స్థిరపడిన బెంగాలీ కుటుంబం వాళ్లది. వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవడమంటే ఆ రోజుల్లో మాటలు కాదు.

1926లో మద్రాసు శాసనమండలికి ఆడవాళ్లు కూడా పోటీ చేయవచ్చని అనుమతి వచ్చింది. అప్పట్లో మంగళూరు, సేలం, కంచి, బరంపురం అన్నీ ఒకే మద్రాసు ప్రెసిడెన్సీ. కమలాదేవి పోటీకి దిగి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఓడినా తలుపు తెరుచుకుంది. మరుసటి ఏడాది పుట్టిన అఖిల భారత మహిళా సభలో ముఖ్య బాధ్యతలు మోశారు.

1930లో దండి యాత్రకు గాంధీగారు ఆడవాళ్లను తీసుకోలేదు. ఆవిడ ఊరుకోలేదు. ఆయన్ను కలిసి, ఉప్పు సత్యాగ్రహంలో ఆడవాళ్లకూ చోటివ్వాలని అడిగి ఒప్పించారు. బొంబాయిలో ఉప్పు వండి, పొట్లాలు కట్టి, ఏకంగా స్టాక్ ఎక్స్చేంజీలోకి వెళ్లి అమ్మారు. జైలుకీ వెళ్లారు.

స్వాతంత్ర్యం వచ్చాక పదవులవైపు చూడకుండా, దేశ విభజనలో ఇల్లూవాకిలీ పోగొట్టుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లారు. 1948లో ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ స్థాపించారు. సరిహద్దు రాష్ట్రం నుంచి వచ్చిన శరణార్థులకు ఢిల్లీ దగ్గర ఫరీదాబాద్‌లో నీడ కల్పించడంలో ఈ యూనియన్ పాత్ర పెద్దది. దానం పెట్టి పంపేయడం ఆవిడ పద్ధతి కాదు. వాళ్లే పని నేర్చుకోవాలి, వాళ్లే సొసైటీ కట్టుకోవాలి, వాళ్ల కాళ్ల మీద వాళ్లే నిలబడాలి అనేది ఆవిడ పట్టుదల.

1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడితే దానికి అధ్యక్షురాలయ్యారు. ఊరూరా తిరిగి, ఆరిపోతున్న పనులను వెతికి పట్టుకున్నారు. మన శ్రీకాళహస్తి కలంకారీ మళ్లీ ఊపిరి పోసుకోవడంలోనూ ఆవిడ చెయ్యి ఉంది. ముడి సరుకు అప్పిచ్చేవాడే ధర కూడా కడితే పనివాడికి మిగిలేది కూలి మాత్రమే. ఈ బాధ మనకు ఒకరు చెప్పాలా? సరుకు కలిసి కొనాలి, మధ్యలో దళారీ లేకుండా అమ్ముకోవాలి, చేసినవాళ్ల పేరు లోకానికి తెలియాలి. ఆవిడ దారి ఇదే. 1966లో రామన్ మెగసెసే అవార్డు అందుకున్నారు. 1988లో కన్నుమూశారు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. 2019-20 చేనేత గణనలో దేశం మొత్తం మీద సుమారు 35 లక్షల మంది చేనేత పనివాళ్లు తేలారు. వాళ్లలో 25 లక్షలకు పైగా ఆడవాళ్లే. రాట్నం తిప్పేది, కండెలు చుట్టేది, ఆసు పోసేది మన అమ్మలూ వదినలూ కోడళ్లే. చాలా ఇళ్లలో మగ్గం మీదా వాళ్లే కూర్చుంటారు. కానీ “మీరేం చేస్తారమ్మా?” అని అడిగితే, “ఏం లేదండీ, ఆయనకు సాయం చేస్తా” అంటారు. సొసైటీ పుస్తకంలోనూ ఆయన పేరే ఉంటుంది. ఆయన పోతే ఆమెకు నూలూ రాదు, పింఛనూ రాదు. గిరిజాబాయి కథే మన వీధిలో మళ్లీ జరుగుతుంది.

బరంపురంలో ఉన్నా, షోలాపూర్‌లో ఉన్నా, యానాంలో ఉన్నా మనం చేయగలిగిన పని ఒకటుంది. రాబోయే మహాసభలోగా ప్రతి శాఖా తన సభ్యుల జాబితా తీసి, పని చేసే ప్రతి ఆడపడుచు పేరూ అందులో రాయించాలి. కమలాదేవిగారి ఫొటోకు దండ వేయడం కన్నా ఇదే పెద్ద నివాళి.