కంప్యూటరులో స్థానిక వాతావరణ సమాచారం (తిరుపతి, చిత్తూరు)

ఇంటి కంప్యూటరు తెరపై తమ ఊరి ఉష్ణోగ్రతను, వర్షసూచనను చూచుకొనుట 2000 దశకం నుండి సామాన్యమైనది. దక్షిణ రాయలసీమలోని తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో ఈ సమాచారం ఎంతవరకు నమ్మదగినదో తెలియాలంటే, అది ఎక్కడ నుండి వచ్చుచున్నదో ముందుగా తెలిసియుండవలెను. తెరపై తిరుపతి అని పేరు ఉన్నంత మాత్రాన ఆ అంకె తిరుపతిలో కొలిచినది కాకపోవచ్చును. ఒక పరికరం నేలమీద కొలిచినది, రాడారు లేదా ఉపగ్రహం దూరం నుండి చూచినది, గణిత నమూనా లెక్కకట్టినది అని ఈ సమాచారం మూడు విధాలు. చాలా ప్రోగ్రాములు ఈ మూడింటినీ తేడా చెప్పకుండానే చూపుతాయి.

భౌగోళిక నేపథ్యం

తిరుపతి పట్టణం సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున, శేషాచలం కొండల పాదమున ఉన్నది. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్నది. రెండింటి మధ్య సరళరేఖలో పది కిలోమీటర్ల దూరం కూడా లేదు. ఎత్తు పెరిగిన ప్రతి కిలోమీటరుకు ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గును గనుక, కొండ పైకి, క్రిందికి సాధారణంగా నాలుగైదు డిగ్రీల తేడా ఉంటుంది. చిత్తూరు దాదాపు 330 మీటర్లు, మదనపల్లె దాదాపు 700 మీటర్లు, హార్సిలీ హిల్స్ 1,260 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నవి. ఒకే పేరు క్రింద ఇన్ని శీతోష్ణస్థితులు ఉన్న పూర్వపు చిత్తూరు జిల్లాకు ఒకే ఉష్ణోగ్రత చెప్పుటలో అర్థం లేదు.

వర్షం విషయంలో ఈ తేడా ఇంకా ఎక్కువ. అక్టోబరు నుండి డిసెంబరు వరకు బంగాళాఖాతంలోని వాయుగుండాల వలన కురియు వర్షం తూర్పున శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు అధికం, పడమట పలమనేరు వైపు తక్కువ. వేసవి సాయంత్రాలలో ఉరుములతో వచ్చు గాలివాన మరీ స్థానికమైనది. ఒక ఊరి తోటలో మామిడికాయలు రాలగా, పక్క ఊరిలో చినుకైనా పడకపోవచ్చును. ఆరబెట్టిన వేరుశనగ, కోతకు వచ్చిన టమాటా ఉన్న రైతుకు జిల్లా మొత్తానికి చెప్పిన సూచన చాలదు.

విమానాశ్రయ నివేదికలు, గణిత నమూనాలు

2000 దశకంలో కంప్యూటరు తెర మూలన ఉష్ణోగ్రత చూపు చిన్న ప్రోగ్రాములు పలు రకాలుగా వచ్చినవి. వీటిలో కొన్ని, విమానాశ్రయాలు విడుదల చేయు మెటార్ అను సంకేత నివేదికపై ఆధారపడేవి. ఇది నిజంగా కొలిచిన సమాచారమే, అయితే కొలిచినది విమానాశ్రయం వద్ద. తిరుపతికి సంబంధించిన నివేదిక రేణిగుంట విమానాశ్రయానిది. దాని సంకేతం వి.ఓ.టి.పి. విమానాశ్రయం లేని చిత్తూరు వాసికి ఇటువంటి ప్రోగ్రాము రేణిగుంట ఉష్ణోగ్రతను గానీ, సముద్రతీరాన ఉన్న చెన్నై ఉష్ణోగ్రతను గానీ తమ ఊరిదిగా చూపవచ్చును.

గణిత నమూనాలు భూమిని గళ్ళుగా విభజించి లెక్క వేస్తాయి. ఐరోపా కేంద్రపు ప్రధాన నమూనాలో గడి వెడల్పు సుమారు 9 కి.మీ., అమెరికా వారి జి.ఎఫ్.ఎస్. నమూనాలో సుమారు 13 కి.మీ. భారతదేశం 2025 మే నెలలో ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో 6 కి.మీ. గడి పెద్దదైన కొద్దీ కొండ చదునవుతుంది. తిరుమల, తిరుపతి ఒకే గడిలో పడినచో నమూనాకు అవి రెండూ ఒకే ఊరు. నార్వే వారి 'వై.ఆర్.' (2007), 'విండీ' (2014) వంటి వెబ్‌సైట్లు ఏ ఊరికైనా గంటగంటకు అంకెలు ఇచ్చును. అవి ఉపయోగకరమే గాని, వాటిని కొలతలుగా భావించరాదు.

రాడార్లు, ఉపగ్రహాలు

రాబోవు రెండు మూడు గంటలలో వాన వచ్చునా అన్న ప్రశ్నకు అన్నిటికంటే మంచి సమాధానం డాప్లర్ రాడారు చిత్రమే. ఈ ప్రాంతాన్ని శ్రీహరికోట, చెన్నై రాడార్లు చూడగలవు. వాటి చిత్రాలు భారత వాతావరణ శాఖ వెబ్‌సైటులో ఉచితంగా లభించును. కొద్ది నిమిషాల తేడాతో వచ్చిన రెండు మూడు చిత్రాలను వరుసగా చూచినచో మేఘం ఎటు కదులుచున్నదో సామాన్యునికి కూడా తెలియును. అయితే ఒక పరిమితి కలదు. భూమి గుండ్రముగా ఉండుట వలన దూరం పోయినకొద్దీ రాడారు కిరణం నేలకు ఎత్తుగా పోవును. శ్రీహరికోటకు దాదాపు 90 కి.మీ. దూరంలోని తిరుపతిపై అర డిగ్రీ వాలుతో వచ్చు కిరణం కిలోమీటరుకు పైబడిన ఎత్తున ఉంటుంది. రెండు రాడార్లకూ ఇంచుమించు 130 కి.మీ. దూరంలోని చిత్తూరు వద్ద ఇంకా ఎత్తు. చిత్రంలో లేత రంగులో కనిపించినది నేలకు చేరకముందే ఆవిరి కావచ్చును. తక్కువ ఎత్తులోని తుంపర అసలు కనిపించకపోవచ్చును.

ఇన్సాట్-3డి.ఆర్. (2016), ఇన్సాట్-3డి.ఎస్. (2024) ఉపగ్రహాలు రెండూ శ్రీహరికోట నుండే ప్రయోగించబడినవి. వీటి చిత్రాలలో మేఘాల పైభాగం కనిపించును గాని, క్రింద ఎంత వాన పడినదో తిన్నగా తెలియదు.

తిరుపతి - చిత్తూరు రోడ్డులోని గాదంకి వద్ద 1992లో ఏర్పడిన ఎం.ఎస్.టి. రాడారు కేంద్రం 2005లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలగా మారినది. 1024 యాంటెనాలు గల ఈ రాడారు పై వాతావరణంలోని గాలుల పరిశోధనకు ఉద్దేశించినది. ఇంత పెద్ద రాడారు చెంత ఉన్నా, మన మిద్దె మీద వాన పడునా లేదా అని చెప్పుట దాని పని కాదు.

అధికారిక హెచ్చరికలు

అమరావతిలోని వాతావరణ కేంద్రం జిల్లాలవారీగా సూచనలు, మూడు గంటల తక్షణ హెచ్చరికలు ఇచ్చుచున్నది. 24 గంటలలో 64.5 మి.మీ. నుండి భారీ వర్షం, 115.6 నుండి అతి భారీ వర్షం, 204.5 నుండి అత్యంత భారీ వర్షం అని వర్గీకరణ. హెచ్చరిక జిల్లాకు గాని ఊరికి కాదు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో సూళ్ళూరుపేట తీరం కూడా కలదు గనుక, అక్కడి వానకై ఇచ్చిన హెచ్చరిక పట్టణానికి వర్తించకపోవచ్చును. మండలాలలో నిజంగా కురిసిన వానకు రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సొసైటీ వారి స్వయంచాలక కేంద్రాల అంకెలు మేలైన ఆధారం.

2021 నవంబరు వరదలు

2021 నవంబరు 18న తిరుపతిలో కుండపోత వాన కురిసినపుడు వాయుగుండం కేంద్రం ఇంకా సముద్రం మీదనే ఉన్నది. అది 19 తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నై మధ్య తీరం దాటినది. పటంలో కేంద్రపు గుర్తును మాత్రమే చూచినవారు ప్రమాదం తమకు దూరమని అనుకొనుటకు అవకాశమున్నది. తూర్పు నుండి వచ్చు తేమగాలి శేషాచలం కొండలను తాకి పైకి లేచుట వలన ఇక్కడ వాన హెచ్చును. ఘాట్ రోడ్లు, నడకదారులు మూసివేయబడినవి. కపిలతీర్థం, స్వర్ణముఖి ఉప్పొంగినవి. తరువాతి రోజులలో రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు గండిపడునన్న భయంతో దిగువ గ్రామాలను ఖాళీ చేయించిరి.

తెలుగులో స్వచ్ఛంద కృషి

తిరుపతికి చెందిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు సాయి ప్రణీత్ వివిధ మూలాల నుండి సమాచారాన్ని సేకరించి, విశ్లేషించి, 'ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్' అను పేరుతో రైతులకు తెలుగులో అందించుచు ప్రసిద్ధుడైనాడు. 2021 జూలైలో ప్రధానమంత్రి 'మన్ కీ బాత్' ప్రసంగంలో ఈయన కృషిని ప్రస్తావించెను. అంకెలు అందరికీ అందుబాటులో ఉన్నవే. వాటిని కలిపి చదివి, ఏ మండలానికి ఏమి జరుగునో సులభమైన మాటలలో చెప్పుట అరుదు.

సరిచూచుకొను విధానం

ఇంటిమీద వర్షమాపకం ఉంచుకొన్నవారు తమ కొలతను అధికారిక అంకెలతో పోల్చవచ్చును. మిద్దెపై ఒక చదరపు మీటరుకు ఒక లీటరు నీరు పడినచో అది 1 మి.మీ. వర్షం. వాతావరణ శాఖ రోజు ఉదయం 8.30 గంటలకు మొదలై మరునాడు ఉదయం 8.30కి ముగియును గనుక, రాత్రి కురిసిన వాన మరునాటి తేదీన నమోదగును. రాడారు, ఉపగ్రహ చిత్రాలపై, మెటార్ నివేదికలలో తరచుగా అంతర్జాతీయ సమయం ఉంటుంది. దానికి ఐదున్నర గంటలు కలుపవలెను. ఇది గమనింపక, ఎప్పుడో వెళ్ళిపోయిన మేఘాన్ని చూచి గొడుగు పట్టుకొని బయలుదేరువారు కలరు.