తెర మీద తగిలిన చెయ్యి

1969 ఏప్రిల్. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, మాడిసన్ పట్టణం. మెండోటా సరస్సు ఒడ్డున, విశ్వవిద్యాలయం విద్యార్థులు కూడుకునే మెమోరియల్ యూనియన్ భవనంలో ఒక గ్యాలరీ ఉంది. ఆ నెల అక్కడ ఏదో ప్రదర్శన పెట్టారట, చూసొద్దామని వెళ్లినవాళ్లకు లోపల చీకటి ఎదురైంది.

కళ్లు కాస్త అలవాటు పడ్డాక గోడల వెంట సాగే గొట్టాలు కనపడేవి. వాటి నిండా నీళ్లు. ఆ నీళ్లలో, వెలుగును పీల్చుకుని చీకట్లో నెమ్మదిగా విడిచిపెట్టే రంగురంగుల ఫాస్ఫర్ రేణువులు. గొట్టాలు అక్కడక్కడా స్తంభాల గుండా పోతాయి. స్తంభం లోపల దీపం ఒక్కసారి వెలిగి ఆరితే అక్కడి రేణువులు మెరుస్తాయి, ఆ మెరుపు నీటితో పాటు గోడ వెంట పాక్కుంటూ పోతుంది. మూగ్ సింథసైజర్ నుంచి వచ్చే ధ్వనులు గదిలో ఒక మూల నుంచి ఇంకో మూలకు తిరుగుతుంటాయి. నేల మీద, పాదం మోపితే పసిగట్టే ప్యాడ్లు. వెనక ఉండి ఇదంతా నడిపేది ఒక మినీకంప్యూటర్.

దీనికి పెట్టిన పేరు గ్లోఫ్లో. దీన్ని తయారుచేసిన బృందంలో డార్ట్‌మత్ కాలేజీలో లిబరల్ ఆర్ట్స్ చదివి, ఆ తర్వాత కంప్యూటర్ సైన్సు కోసం మాడిసన్ చేరిన మైరన్ క్రూగర్ అనే పరిశోధక విద్యార్థి ఉన్నాడు. అదే విశ్వవిద్యాలయంలో రెండేళ్ల కిందట ఫిజిక్సులో మాస్టర్స్ పూర్తిచేసి, మనసంతా కళ మీద పెట్టుకున్న డాన్ శాండిన్ ఉన్నాడు. జెర్రీ ఎర్డ్‌మన్, రిచర్డ్ వెనెజ్‌కీ కూడా చెయ్యి వేశారు. అప్పట్లో మామూలు విద్యార్థికి కంప్యూటరంటే పంచ్‌కార్డుల కట్ట కౌంటరులో అప్పగించి, ఫలితం కోసం మళ్లీ వచ్చి నిలబడాల్సిన వ్యవహారం. అలాంటి యంత్రాన్ని చీకటి గదిలో పెట్టి, వచ్చిన మనిషికి బదులు పలికిద్దామనుకోవడమే సాహసం. పైగా అవి ప్రశాంతమైన రోజులు కావు. ఆ ఫిబ్రవరిలోనే నల్లజాతి విద్యార్థుల సమ్మెతో అదే క్యాంపస్‌లో నేషనల్ గార్డ్ సైనికులు దిగారు.

గ్లోఫ్లోకు జనం బాగానే వచ్చారు. ఒక్కోసారి పదిహేను, ఇరవై మంది ఆ చీకట్లో కూర్చుండిపోయేవారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు మాటలు కలిపేవారు. ఎవరో చప్పట్లు మొదలుపెడితే గదంతా అందుకునేది. కొందరు తమంతట తామే గైడు వేషం కట్టి, కంప్యూటరు ఇప్పుడేం చేస్తోందో కొత్తగా వచ్చినవాళ్లకు వివరించేవారు.

ఆ వివరణల్లో చాలా మటుకు తప్పు. తంటా అక్కడే వచ్చింది.

ప్యాడ్ మీద కాలు పెడితే గది వెంటనే పలకదు, కాసేపు ఆగి పలుకుతుంది. అది కావాలని పెట్టిన ఆలస్యమే. తొక్కగానే దీపం వెలిగితే జనం అదే పనిగా తొక్కుతూ హడావిడి చేస్తారని, గదిలో నెమ్మది చెడుతుందని బృందం అనుకుంది. దాంతో ఏ అడుగుకు ఏ వెలుగు పుట్టిందో ఎవరికీ అంతుపట్టలేదు. గది జనానికి బదులిస్తుందని ప్రచారంలో చెప్పారు కాబట్టి, చాలామంది తమకు తోచిన సంబంధం తామే కల్పించుకున్నారు. తాను చేసిన ఫలానా పనికి గది ఇలా స్పందించిందని నమ్మి బయటికి వెళ్లేవారు. నిజానికి గది అలాంటిదేమీ చేసి ఉండదు. పెద్ద చదువులు చదివేవాళ్ల మధ్య, కళ్లెదురుగా మూఢనమ్మకాలు పుట్టడం క్రూగర్ చూశాడు.

చూడ్డానికి బాగున్న ప్రదర్శన అది. క్రూగర్‌కు మాత్రం తృప్తి లేదు. బొమ్మ అందంగా ఉందా, ధ్వని సంగీతంలా ఉందా అన్నది తర్వాతి సంగతి. మనిషికీ గదికీ మధ్య జరిగే ఇచ్చిపుచ్చుకోవడమే ఇక్కడ కళ అని అతను తేల్చుకున్నాడు. అలాగైతే గది ఏం చేస్తోందో లోపలున్న మనిషికి తెలిసి తీరాలి. ఆ మనిషి ఏం చేస్తున్నాడో కంప్యూటరు కూడా వీలైనంత ఎక్కువగా గ్రహించాలి. ఒకేసారి ఎక్కువమంది ఉండకూడదు. తర్వాతి పాతికేళ్ల కథంతా ఈ అసంతృప్తిలోంచే వచ్చిందని నాకనిపిస్తుంది.

ఏడాది తిరిగేసరికి, 1970 మేలో, అదే గ్యాలరీలో క్రూగర్ మెటాప్లే పెట్టాడు. ఈసారి నేల కింద 800 ప్రెషర్ స్విచ్చులు. ఎదురుగా ఎనిమిది అడుగులు, పది అడుగుల తెర. తెర మీద, గదిలోకి వచ్చినవాళ్ల బొమ్మే వీడియోలో కనపడుతుంది. ఆ బొమ్మ మీద కంప్యూటరు గీతలు వచ్చి పడాలి. గీతలు గీయగల అడాజ్ గ్రాఫిక్స్ కంప్యూటరేమో దాదాపు మైలు దూరంలో, కంప్యూటర్ కేంద్రంలో ఉంది. దాన్ని కదిలించే వీలు లేదు. అందుకని గ్యాలరీలో తీసిన వీడియో అక్కడికి వెళుతుంది. అక్కడ కంప్యూటరు తెరను ఇంకో కెమెరా తీస్తుంది. రెండు బొమ్మలూ కలిసి గ్యాలరీ తెర మీదికి తిరిగొస్తాయి.

ఇంత చేసినా ఆ కంప్యూటరుకు మనిషి బొమ్మను చూసి పోల్చుకునే చూపు లేదు. అందుకే కంప్యూటర్ కేంద్రంలో ఒక మనిషి కూర్చుని, వీడియోలో జనాన్ని చూస్తూ, కంప్యూటరుకు కలిపిన పలక మీద కలంతో గీసేవాడు. యంత్రానికి కళ్లు లేకపోతే మనిషి తన కళ్లు అరువిచ్చాడన్న మాట.

ఒకరోజు అలా గీస్తూ, గ్యాలరీలో నిలబడ్డ ఒక విద్యార్థి చేతి మీద ఏదో బొమ్మ వెయ్యబోయారు. ఆ సంగతి తెలియని విద్యార్థి చెయ్యి జరిపాడు. గీసింది చెరిపేసి, చెయ్యి ఉన్న కొత్త చోట మళ్లీ మొదలుపెట్టారు. అతను మళ్లీ జరిపాడు. ఇంక అదో ఆటయిపోయింది: బొమ్మ పూర్తికాకముందే అతను చెయ్యి తప్పించడం, గీత వెంటపడడం. చివరికి బొమ్మ మాట మరిచిపోయి, చెయ్యి ఎటు పోతే అటు గీత పోవడం మాత్రమే మిగిలింది. చూస్తే ఏముంది, ఆ విద్యార్థి గాలిలో వేలు తిప్పుతున్నాడు, తెర మీద ఆ వేలి వెనకే గీత పడుతోంది. ఎవరూ ముందుగా అనుకోలేదు. బొమ్మ గియ్యడంలో భంగపడినవాళ్లకు, గాలిలో గీసే విద్య దొరికింది.

వెంటనే దాన్ని ఆటగా మలిచారు. ఒకరి వేలు ఇంకొకరి వేలికి తగిలితే గీసే అధికారం అటు మారుతుంది. గదిలో ఉన్నవాళ్లు గీతను ఒకరి చేతి నుంచి ఒకరు అందుకునేవారు.

మరుసటి ఏడాది, 1971 వేసవి మొదట్లో, సైకిక్ స్పేస్ వచ్చింది. గోడలకూ నేలకూ నల్లటి పాలిథీన్. ఈసారి గదిలో పీడీపీ-11 అనే మినీకంప్యూటర్‌నే పెట్టారు కాబట్టి, అడుగు పడిన క్షణంలోనే ధ్వని పలుకుతుంది. గ్లోఫ్లోలో పొరపాటు పడిన చోట ఇప్పుడు రవ్వంత అనుమానానికి కూడా తావు లేదు. మనిషి ఒక్కడే లోపలికి వెళ్లాలి. తెర మీద వజ్రం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. తాను నడిస్తే అది కూడా నడుస్తుంది. ఇంకో గుర్తు కనపడుతుంది కదా అని అక్కడికి నడిచి చేరుకుంటే, ఉన్నట్టుండి చుట్టూ చిక్కుదారుల పద్మవ్యూహం మొలుస్తుంది.

ఉన్నది గీతలే కదా, దాటితే పోలా అని ఒకరు అడ్డంగా అడుగు వేస్తారు. గీత రబ్బరులా సాగుతుంది. ఇంకోసారి దాటితే వ్యూహమంతా వాళ్లతో పాటే జరుగుతుంది. మరోసారి వాళ్ల గుర్తు రెండు ముక్కలై, ఒకటి గోడ దగ్గరే ఆగిపోతుంది, రెండోది ముందుకు పోతుంది. ఎంత మొండివాళ్లనైనా గమ్యం దాకా మాత్రం చేరనిచ్చేది కాదు. జనం ఏయే విధాల మోసం చేస్తారో ముందే ఊహించి ప్రతి మోసానికీ ఒక కొంటె జవాబు రాసిపెట్టిన ఆ ప్రోగ్రామును తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కంప్యూటరు చేత హాస్యం ఆడించడం అప్పటికి కొత్త.

ఈ గ్యాలరీకీ కంప్యూటర్ కేంద్రానికీ మధ్య లింకు నడుస్తున్న రోజుల్లోనే కథలోని పెద్ద యాదృచ్ఛికం జరిగింది. రెండు చోట్ల ఉన్న యంత్రాల మధ్య డేటా సరిగ్గా అందడం లేదు. ఒక చివర క్రూగర్, ఇంకో చివర అతని సహచరుడు. ఆసిలోస్కోపు తెర మీద తరంగాలు చూసుకుంటూ, ఫోనులో ఒకరికొకరు వర్ణించుకుంటున్నారు. ఎంతసేపు చెప్పుకున్నా ఎవరు ఏ వంపు గురించి మాట్లాడుతున్నారో తేలడం లేదు. అప్పుడు తట్టింది, తమ దగ్గర అటూ ఇటూ వీడియో ఉందిగా అని. ఇద్దరూ తమ తమ కెమెరాలను తరంగాల మీదికి తిప్పారు. రెండు బొమ్మలూ ఒకే తెర మీద కలిశాయి. ఇక ఫోనులో వర్ణనలు మానేసి, ఇదిగో ఇక్కడ చూడు అని చేత్తోనే చూపించుకోవడం మొదలైంది.

పని సాగుతోంది. సహచరుడు పంపిన తరంగాన్ని చూపించబోతే, క్రూగర్ చేతి బొమ్మ తెర మీద అతని చేతి బొమ్మకు తగిలింది. అతను చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఇద్దరి మధ్యా మైలు దూరం. తగిలినవి రెండు వెలుగునీడలు. అయినా పక్కన కూర్చున్నవాడి చెయ్యి తగిలితే మనం ఎలా జరుపుకుంటామో అలాగే జరుపుకున్నాడు. పనిలో మునిగి ఉన్నవాళ్లు ఎవరైనా దీన్ని పట్టించుకోకుండా వదిలేసేవారే. క్రూగర్ వదల్లేదు. తెర మీదున్న తన బొమ్మను కూడా మనిషి తన ఒంట్లో భాగంగానే ఎంచుకుంటాడని, దూరంగా ఉన్న ఇద్దరు కలిసి ఉండగల చోటు ఒకటి ఆ తెర మీద ఉందని అతనికి ఆ క్షణంలో తట్టింది. ఆ చోటు పేరే తర్వాత వీడియోప్లేస్ అయింది.

అనుకోవడం ఒక ఎత్తు, కట్టడం ఒక ఎత్తు. 1974లో డాక్టరేటు వచ్చింది. 1975లో మిల్వాకీలోని ఆర్ట్ సెంటర్‌లో వీడియోప్లేస్ తొలి రూపాన్ని చూపించాడు. కానీ అతని అసలు కోరిక తీరలేదు. వెనక ఉండి కళ్లు అరువిచ్చే మనిషి అక్కర్లేకుండా యంత్రమే చూడాలి. సెకనుకు 30 వీడియో ఫ్రేములు వస్తాయి. ప్రతి ఫ్రేములో మనిషి అంచు ఎక్కడుందో, వేలికొస ఏదో, తల ఏదో కనిపెట్టి, తర్వాతి ఫ్రేము వచ్చేలోగా జవాబు ఇవ్వాలి. అతనికి అందుబాటులో ఉన్న ఏ కంప్యూటరుకూ ఆ వేగం లేదు. దాంతో ఆ ఒక్క పని కోసమే ప్రత్యేక ప్రాసెసర్లు తయారుచేసుకోవాల్సి వచ్చింది. 1978లో కనెక్టికట్ విశ్వవిద్యాలయానికి మారాక కూడా అదే పని. డాక్టరేటు పరిశోధన కృత్రిమ వాస్తవికత మీద పుస్తకంగా వెలువడేసరికి 1983 వచ్చింది. కంప్యూటర్ శాస్త్రవేత్తలకు అది కళలా, కళాకారులకు అది యంత్రంలా కనపడితే మధ్యవాడి గతి అంతే మరి.

సిద్ధమైన వీడియోప్లేస్‌లో మనిషి వెనక తెల్లగా వెలిగే గోడ, ఎదురుగా తెర, తెర మీద తన నీడ. మన తోలుబొమ్మలాటలో తెర వెనక బొమ్మలాడుతుంటే ముందు కూర్చుని చూస్తాం. ఇక్కడ చూడ్డానికి వచ్చినవాడే బొమ్మ, ఆడించేవాడూ వాడే. ఆ నీడకు తోడుగా క్రిట్టర్ అనే బుల్లి జీవి ఉండేది. చెయ్యి చాపితే వచ్చి వాలుతుంది. చేతి మీంచి భుజం మీదికి, అక్కణ్ణుంచి తల మీదికి ఎగబాకి, నడినెత్తిన నిలబడి గెలిచినట్టు చిందులేస్తుంది. వేలికి వేలాడదీస్తే వేలాడుతుంది. నెత్తికి టోపీ లేదు, చేతికి తొడుగు లేదు. వచ్చినవాళ్లు వచ్చిన బట్టలతోనే నిలబడి ఆడుకోవచ్చు. 1990లో ఆస్ట్రియాలోని ఆర్స్ ఎలక్ట్రానికా ఉత్సవం ఇంటరాక్టివ్ కళకు బహుమతి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, మొట్టమొదటి గోల్డెన్ నికా వీడియోప్లేస్‌కే దక్కింది.

గ్లోఫ్లో నాటి మిత్రుడు శాండిన్ ఈలోగా షికాగో చేరి, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కళ నేర్పుతూ, టామ్ డీఫాంటీతో కలిసి ఒక ప్రయోగశాల నడుపుతున్నాడు. కళా విద్యార్థులూ ఇంజినీరింగు విద్యార్థులూ ఒకే గదిలో పనిచేసే చోటు అది. అక్కడికి వెనిజులా నుంచి కెరొలినా క్రూజ్-నెయిరా అనే పరిశోధక విద్యార్థిని వచ్చింది. ఆమెకు నాట్యం కూడా తెలుసు. కంప్యూటరు దృశ్యం చూడ్డానికి తలకు బరువైన హెల్మెట్ తగిలించుకుంటే ఒళ్లు కనపడదు, పక్కవాళ్లు కనపడరు. అలా కాకుండా, ఈ ముగ్గురూ సుమారు పదడుగుల గది కట్టి, మూడు గోడల మీదా నేల మీదా ప్రొజెక్టర్లతో త్రీడీ దృశ్యాలు వేసి, తేలికపాటి కళ్లద్దాలు పెట్టుకున్నవాళ్లు నలుగురూ కలిసి నడిచేలా చేశారు. దానికి కేవ్ అని పేరు పెట్టి, 1992లో షికాగోలో జరిగిన సిగ్‌గ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సమావేశంలో చూపించారు. అందులోనూ ఒక లోటు ఉండిపోయింది. తల కదలికను కంప్యూటరు ఒక్కరిదే గమనించేది, దృశ్యం సరిగ్గా కుదిరేది ఆ ఒక్కరికే. మిగతావాళ్లు కాస్త వంకరగా చూడాల్సిందే.

అదే ప్రయోగశాలలో 1990ల చివర్లో జోసెఫిన్ ఆన్‌స్టీ అనే కళా విద్యార్థిని, డేవ్ పేప్‌తో కలిసి కేవ్ కోసం ఒక కథ కట్టింది. పేరు ది థింగ్ గ్రోయింగ్. పెట్టెలోంచి విడిపించిన వింత జీవి మన మీద ప్రేమ పెంచుకుని, తన నాట్యం నేర్పిస్తానంటూ వెంటపడుతుంది. మొదట్లో మనం ఆడింది ఒప్పో తప్పో కంప్యూటరుకు అర్థమయ్యేది కాదు. అందుకని ఒక మనిషి పక్కన కూర్చుని చూస్తూ, ఆ జీవి ఇప్పుడేమనాలో మీట నొక్కి చెప్పేవారు. అలా ఎంతోమందిని చూసి చూసి, ఎవరు ఎప్పుడు ఏం చేస్తారో తెలిశాక, ఆ పని ప్రోగ్రాముకు అప్పగించారు. బాగా ఆడితే మెచ్చుకుంటుంది, ఆడకపోతే అలుగుతుంది, పోనుపోను పెత్తనం చేస్తుంది. ఆఖర్న మన చేతికి ఒక తుపాకీ వస్తుంది. దాన్ని కాల్చడమా మానడమా అన్నది ఇక గదిలో ఉన్నవాళ్ల ఇష్టం.