కరిగిపోయే కళకు కెమెరా సాక్ష్యం

నిలిచి ఉండడానికి కట్టినదాని విషయంలో చరిత్రకారుడు తొందరపడనక్కరలేదు. వేయిస్తంభాల గుడి అతనికోసం వేచి ఉంటుంది. ఓరుగల్లు తోరణమూ వేచి ఉంటుంది. కాని ఫలానా రోజున విప్పివేయాలని ముందే నిశ్చయించుకొని, ఆరుబయట, కొండలంత విస్తృతిలో నిర్మించిన కళాకృతి మాటేమిటి? దానికి చరిత్ర మిగలాలంటే అది ఉన్న నాలుగు రోజుల్లోనే, ఇంకా చెప్పాలంటే అది పుట్టకముందే, ఎవరో ఒకరు కెమెరా పట్టుకొని నిలబడాలి.

అమెరికాలో ఆ పని చేసినవారు మేజల్స్ సోదరులు, ఆల్బర్ట్, డేవిడ్. బల్గేరియాలో పుట్టిన క్రిస్టో, ఆయన అర్ధాంగి, సహకర్త జాన్‌-క్లోద్ కలిసి 1972 ఆగస్టు 10న కొలరాడో రాష్ట్రంలో రెండు కొండల నడుమ ఒక బ్రహ్మాండమైన నారింజరంగు తెరను వేలాడదీశారు. 28 గంటలు గడిచేసరికి పెనుగాలి వీచి, తెరను దించివేయవలసి వచ్చింది. ఆ తెరమీద మేజల్స్ సోదరులు తీసిన డాక్యుమెంటరీ నిడివి 28 నిమిషాలు. అది ఆస్కార్ నామినేషన్ పొందింది, నేటికీ చూడటానికి దొరుకుతోంది. అందులో మనసుకు హత్తుకునేది తెరకన్నా దానిని కట్టిన పనివాళ్ళ ముఖాలు. కూలికి వచ్చినవాళ్ళు క్రమంగా ఆ పని తమదే అనుకోవడం మన కళ్ళముందే జరుగుతుంది.

తరువాతి చిత్రం ‘రన్నింగ్ ఫెన్స్’ ఇంకా లోతైనది. 1976 సెప్టెంబరులో ఉత్తర కాలిఫోర్నియా పచ్చికకొండలమీదుగా సముద్రం దాకా 24.5 మైళ్ళ పొడవున, 18 అడుగుల ఎత్తున తెల్లని నైలాన్ గుడ్డతో ఒక కంచె సాగింది. నిలిచింది 14 రోజులే. దానికి ముందు మాత్రం 59 రైతు కుటుంబాల ఒప్పుదల సంపాదించాలి, 18 బహిరంగ విచారణలు దాటాలి. సినిమాలో అధికభాగం ఆ వాదోపవాదాలే. ఒక విచారణలో, నాలుగు రోజుల్లో పోయేది కళ ఎలా అవుతుందన్న ఆక్షేపణకు ఒక రైతు ఇల్లాలు లేచి సమాధానం చెబుతుంది. ఒక్కొక్కసారి తాను ఎంతో శ్రమపడి చేసిన వంట కళాఖండమే అనిపిస్తుందనీ, అయినా అదీ తినేయగానే మాయమైపోతుందనీ ఆమె అన్నమాటల సారాంశం. కళావిమర్శకులు గ్రంథాలు వ్రాసి చెప్పవలసినదాన్ని ఆమె వంటింటి అనుభవంతో తేల్చివేసింది. కెమెరా ఆ సభలో లేకపోతే ఆ మాట ఆ గదిలోనే ఆగిపోయేది.

న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 7,503 కాషాయరంగు ద్వారాలు నిలిపే ఆలోచన 1979 నాటిది. నగరపాలకులు 1981లో కాదన్నారు. చివరకు 2005 ఫిబ్రవరిలో అవి నిలిచాయి, పదహారు రోజులు. 2007లో వచ్చిన డాక్యుమెంటరీలో తొలినాటి తిరస్కరణ దృశ్యాలూ ఉన్నాయి. అప్పుడు చిత్రీకరణలో పాలుపంచుకొన్న డేవిడ్ మేజల్స్ 1987లోనే కన్నుమూశాడు. జాన్‌-క్లోద్ 2009లో, క్రిస్టో 2020లో వెళ్ళిపోయారు. కృతులు లేవు, కర్తలు లేరు. పని జరిగిన తీరు మాత్రం చిత్రాల్లో భద్రంగా ఉంది.

ఆ రైతు ఇల్లాలి మాటను మా బాన్సువాడ ఆడపడుచులకు విడమరచి చెప్పనక్కరలేదు. మహాలయ అమావాస్య నాటి ఎంగిలిపూల మొదలు అష్టమి నాటి సద్దుల దాకా, తొమ్మిది రోజులు, తెలంగాణ అంతటా బతుకమ్మ పేరుస్తారు. తాంబాళంలో ఆకులు పరచి, రంగులద్దిన గునుగు, తంగేడు, బంతి, కట్ల పూలను వరుస తరువాత వరుసగా గోపురంలా పేర్చి, పైన గౌరమ్మను నిలిపి, చుట్టూ ఆడిపాడి, చీకటిపడే వేళ నీళ్ళలో వదలుతారు. నిలబెట్టుకోవాలన్న ఆశ ఎవరికీ ఉండదు. ఇన్ని ఊళ్ళలో, ఇన్ని వేల చేతులతో, ఒకే సాయంత్రం పుట్టి కరిగిపోయే ఆరుబయటి కళ ప్రపంచంలో ఎన్నిచోట్ల ఉంటుంది?

దీనికి దృశ్యచరిత్ర ఉందా అంటే, ఉంది. కాని చాలావరకు చివరి అంకానిదే. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. 2016 అక్టోబరులో హైదరాబాదు ఎల్బీ స్టేడియంలో 9,292 మంది స్త్రీలు కలిసి ఆడిన ఆట గిన్నిస్ పుస్తకానికెక్కింది. కెమెరాలు ఎత్తును, సంఖ్యను, పట్టుచీరలను పట్టుకొన్నాయి. ఖైరతాబాదు గణపతిదీ ఇదే కథ. 1954లో సింగరి శంకరయ్య ఒక్క అడుగు విగ్రహంతో మొదలుపెట్టినది 2014కు 60 అడుగులు, 2024కు 70 అడుగులు అయింది. నిమజ్జనాన్ని ఛానళ్ళు రోజంతా చూపిస్తాయి. నెలల ముందు కర్రపూజతో మొదలై, ఇనుప చట్రంమీద విగ్రహం అంచెలంచెలుగా రూపుదిద్దుకోవడాన్ని అంత తీరుబడిగా చూపేవారు అరుదు.

మనకు చూసే కన్ను లేకపోలేదు. 1980లలోనే బి.నర్సింగరావు తెలంగాణ పల్లె జీవనంమీద ‘మా ఊరు’ డాక్యుమెంటరీ తీశారు. ఆ ఓపిక బతుకమ్మ పేర్పుకు ఇప్పుడు కావాలి, ఎందుకంటే పూలే కరువవుతున్నాయి. మెట్టచేలలో జొన్నల మధ్య దానంతటదే మొలిచే గునుగు రైతు లెక్కలో కలుపుమొక్క. కలుపుమందు కొట్టిన చేలో అది లేవదు. 1923-31 మధ్య కట్టిన నిజాంసాగర్ పుణ్యమా అని బాన్సువాడ ప్రాంతం వరిమాగాణి అయింది. మాగాణిలో గునుగు ఎక్కడిది? మెట్టలు వెదుక్కుంటూ వెళ్ళాలి, లేదా అంగట్లో కట్టలు కొనాలి. కొన్న పూలతోనూ బతుకమ్మ అవుతుంది. కాని ఏ గట్టున ఏ పువ్వు దొరుకుతుందో, గునుగుకు రంగు ఎలా పట్టించాలో, ఎత్తు పెరిగినా ఒరగకుండా లోపల ఏమి నింపాలో తెలిసిన చేతులు ఒక తరంతో ఆగిపోవచ్చు.

నీళ్ళలో కలిసిన పూలను ఎవరూ తిరిగి అడగరు, అడగకూడదు కూడా. అడగవలసింది ఆ చేతుల విద్యను. వచ్చే అమావాస్యకు ఇంట్లో ఎవరి చేతిలోనైనా కెమెరా ఉంటే, సాయంత్రం ఆట దాకా ఆగకండి. పొద్దున్నే పూలకు బయలుదేరే అమ్మ వెంట వెళ్ళండి. ఆమె ఒక్కొక్క పువ్వు పేరూ చెబుతూ ఉంటే నింపాదిగా వినండి, విన్నది దాచండి.