మా అమ్మ పాట నంబరు 398

పుస్తకం మాదాకా రావాలంటే మధ్యలో ఒక చెయ్యి ఉంటది. బీరువా తాళం తీసే చెయ్యి. అది ఏది తీసిస్తే అదే చదివినం. ఫలానా పుస్తకం చదువు, ఫలానా పాట విను అని చెప్పే అధికారం ఎవరి దగ్గరుండేది? మా జహీరాబాద్ తావున అది మా ఆడోళ్ల చేతికి ఎట్లొచ్చింది? ఇది ఆ ముచ్చట.

తెలుగోళ్ల గ్రంథాలయోద్యమ చరిత్ర గొప్పదే. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం లేచినయి. నిజాం రాజ్యంలో తెలుగు అక్షరాన్ని నిలబెట్టినయి, కాదనను. 1935లో కోస్తా కాలువల మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరికి పంపిండ్రు. ఆ పడవ వాడ రేవున ఎంతసేపు ఆగిందో మాత్రం ఎవరూ రాయలేదు.

అదే హైదరాబాదులో 1906లో భాగ్యరెడ్డివర్మ జగన్మిత్ర మండలి పెట్టి, చదువురాని మాలలకు హరికథలు చెప్పించిండు. నన్నడిగితే అది కూడా గ్రంథాలయమే. దానికి బీరువా లేదు, తాళం లేదు.

మంచి పుస్తకం సరైన పిల్లగాని చేతిలో పడితే ఏమైతదో అంబేడ్కర్ జీవితమే చెప్తది. బొంబాయిలో ఆయన పరీక్ష పాసైతే కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే పెద్దమనిషి తాను రాసిన బుద్ధుని జీవితచరిత్ర బహుమతిగా ఇచ్చిండు. బుద్ధుని వైపు తన నడక అక్కడ మొదలైందని అంబేడ్కర్ తర్వాత తానే రాసుకున్నడు. ఆ పుస్తకం ఎంత దూరం పోయిందో 1956లో నాగపూర్‌లో దీక్ష తీసుకున్న లక్షల మందిని చూస్తే తెలుస్తది.

నాకు కేలూస్కర్ దొరకలేదు. ఎనిమిదో తరగతిలో నేను పోయిన గ్రంథాలయం ఏ ఊర్లదో చెప్పను, చాలా ఊర్లల్ల అట్లనే ఉండె. "ఏ పుస్తకం సదవాలె సార్?" అని అడిగిన. ఆయన చీటీ మీద నా పేరు, మా నాయిన పేరు చూసి, "మీది ఏ వాడరా?" అన్నడు. చెప్పిన. నీతికథల పుస్తకమొకటి, శుభ్రంగా ఉండాలె, తాగొద్దు, పెద్దల మాట వినాలె అని చెప్పేది, బల్ల మీద పెట్టి "నీకిది సాలు పో" అన్నడు. జాషువా 1941లో రాసిన గబ్బిలం అదే బీరువాలో ఉన్నదని శానా ఏండ్లకు ఇంకో వాడ పిల్లగాడు చెప్తే తెలిసింది. ప్రతి పాఠకునికి తన పుస్తకం అందాలని రంగనాథన్ 1931లోనే సూత్రం రాసిపెట్టిండు. ఆ సూత్రం మా దగ్గర వాడ పేరు అడిగినంక ఆగిపోయింది.

ఇగ పాట సంగతి. గ్రంథాలయాల్లో పుస్తకాలు సర్దే డ్యూయీ పద్ధతిలో జానపదానికి నంబరు 398. మా అమ్మ ఇసుర్రాయి ముందు కూసొని పాడిన పాట ఎక్కడన్న అచ్చయితే ఆ అరలోకే పోతది. అట్ట మీద సేకరించిన పండితుని పేరుంటది, పాడిన మాదిగామె పేరుండదు. భాషదీ ఒక తిప్పలే. జహీరాబాద్ తాలూకా 1956 దాకా బీదర్ జిల్లాలది. అమ్మ పాటల కన్నడం, ఉర్దూ మాటలు జొన్నల్ల కందుల లెక్క కలిసి ఉంటయి. దాన్ని ఏ భాష అరలో పెడతరు?

పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లో ఎక్కువ మంది దళిత ఆడోళ్లే. వాళ్లు 1990ల చివర మాచనూర్‌లో రికార్డింగు మొదలుపెట్టిండ్రు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పిచ్చింది. అయినా మాలాంటోళ్లకు లైసెన్సు రాలే. స్వచ్ఛంద సంస్థలకు రేడియో పెట్టుకునే వీలు 2006లోగాని కలగలే. అందాక ఆడోళ్లు ఊకోలేదు. వందల గంటల పాటలు, ముచ్చట్లు టేపుల కెక్కించి సంఘం మీటింగుల్ల వినిపించిండ్రు. 2008 అక్టోబర్ 15న, తీర్పిచ్చిన న్యాయమూర్తుల్లో ఒకరైన పి.బి. సావంత్ చేతుల మీదుగానే 90.4 మీద సంఘం రేడియో మొదలైంది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ, ఇద్దరు దళిత స్త్రీలు దాన్ని నడిపిండ్రు.

నేను విన్న రాత్రి కలుపు పాట వచ్చింది. ముందు పాడినామె పేరు, ఊరు చెప్పిండ్రు. అది కలుపు తీసే రోజులు. చేన్లకెల్లి వచ్చి పొయ్యి ముట్టించే ఆడమనిషికి ఏ పాట కావాలో వాళ్లకు ఎవరూ నేర్పలేదు. వాళ్లూ పొద్దంతా చేన్ల ఉన్నోళ్లే కదా.

పాట ఉంటే పుస్తకమెందుకు అనేటోళ్లతోని నేను కలువ. మాకు రెండూ కావాలె. ఇయ్యాల శాఖా గ్రంథాలయాల్లో బెంచీలు నిండేది గ్రూపు పరీక్షలకు, పోలీసు ఉద్యోగాలకు చదివే పిల్లలతోనే. అందుల మా వాడ పిల్లలూ ఉన్నరు. మంచిదే. కాని ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయానికి పోతయి. మా అమ్మ కట్టిన పన్నులోనూ పోయినయి. కొనే పుస్తకాల జాబితాల మా మాట ఎందుకుండొద్దు?

చదువుకునే తమ్ముండ్లు, చెల్లెండ్లు గ్రంథాలయానికి పోయినప్పుడు సలహాల రిజిస్టరు అడుగుండ్రి. గబ్బిలం ఉన్నదో లేదో చూడుండ్రి. 1995లో వచ్చిన చిక్కనవుతున్న పాట రాయుండ్రి. దాని కింద, మాచనూర్ ఆడోళ్ల పాటల టేపులు, పాడినోళ్ల పేర్లతో సహా, అని ఇంకో వరుస రాయుండ్రి. తారీఖు వేసి సంతకం పెట్టుండ్రి.